చిన్న తరగతుల్లోనే ఉంటూ ఎదగడం ఎలా?

ప్రశ్న: నేను ప్రైమరీ స్కూల్లో టీచర్ని. చేరి ఏడేళ్లు దాటింది. ఎక్కువగా రెండు, మూడు తరగతులకే చెప్పాను. మొదట్లో పిల్లల్ని కూర్చోబెట్టడానికే గొంతు పోయేది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. సిలబస్ టైముకి అయిపోతుంది, తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులూ లేవు. కానీ కొత్తగా ఏమీ నేర్చుకోవడం లేదనిపిస్తోంది. ట్రైనింగులకు వెళ్తే విన్నవే మళ్లీ చెబుతారు. పాఠం అయ్యాక ‘అర్థమైందా?’ అంటే అందరూ ‘అర్థమైంది టీచర్’ అంటారు. పరీక్ష పెడితే మాత్రం ప్రతి ఏడాదీ ఓ ఐదారుగురు అవే తప్పులు చేస్తారు. నాతో పాటు చేరినవాళ్లలో కొందరు పెద్ద తరగతులకు వెళ్లారు, ఒకరు హెడ్ టీచర్ అయ్యారు. ఇంట్లోవాళ్లు ‘ఇంకా చిన్నపిల్లల దగ్గరేనా?’ అంటున్నారు. నేను ఆగిపోయానా? ఎదగాలంటే పై తరగతులకు వెళ్లాల్సిందేనా? ఏదైనా కోర్సులో చేరమంటారా?

జవాబు:

టీచర్ గారూ,

మీ ఉత్తరంలో మీరు అంతగా పట్టించుకోకుండా రాసిన వాక్యం ఒకటుంది. ప్రతి ఏడాదీ ఐదారుగురు అవే తప్పులు చేస్తారన్నారు. పిల్లలు మారుతున్నారు, తప్పులు మారడం లేదు. మీరు వెతుకుతున్న దారి అక్కడే మొదలవుతుందని నా నమ్మకం. పై తరగతుల గురించీ, కోర్సు గురించీ చెబుతాను గానీ, ముందు ఈ తప్పుల గురించే కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి.

ఉద్యోగంలో చేరిన మొదటి రెండు మూడేళ్లలో మన ఎదుగుదల మనకే కనిపిస్తుంది. అప్పటి సమస్యలు రోజూ బాధపెడతాయి కాబట్టి వాటికి ఏదో ఒక విరుగుడు మనమే కనిపెట్టుకుంటాం. గొంతు పెంచకుండా తరగతి నడపగలుగుతున్నారంటే అది చిన్న సంగతి కాదు. జాకబ్ కూనిన్ అనే అమెరికన్ పరిశోధకుడు తరగతి గదుల్ని పరిశీలించి 1970లో తన ఫలితాలు ప్రచురించారు. అల్లరి జరిగాక టీచర్ ఎలా మందలించారన్న దాన్ని బట్టి తరగతుల మధ్య తేడా రావడం లేదని ఆయన గమనించారు. ఒక పని నుంచి ఇంకో పనికి పిల్లల్ని సాఫీగా తీసుకెళ్లడం, గది మొత్తాన్నీ ఓ కంట కనిపెట్టి ఉండడం, అలా అల్లరికి ముందే చోటివ్వకపోవడం, తేడా అంతా వీటిలోనే ఉందట. ఎవరూ చెప్పకుండానే మీకు ఇది పట్టుబడింది. కాబట్టి మీరేమీ నేర్చుకోలేదన్న మాట నేను ఒప్పుకోను.

అయితే తరగతి ప్రశాంతంగా ఉన్నప్పుడు మనల్ని బాధపెట్టేది ఏదీ ఉండదు. బాధ లేనప్పుడు వెతుకులాటా ఉండదు. పిల్లలు బుద్ధిగా కూర్చుని, చెప్పింది రాసుకుంటూ, అడిగితే తలూపుతూ ఉంటే వాళ్లు నేర్చుకుంటున్నారనే అనుకుంటాం. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ తలూపడానికీ తలకెక్కడానికీ మధ్య ఏం జరుగుతోందో బయటికి కనిపించదు. మొదటి దశలో మీరు నేర్చుకున్నదంతా కనిపించే వాటి గురించి. ఇక నేర్చుకోవాల్సింది కనిపించని దాని గురించి. అందుకే ఆగిపోయినట్టు అనిపిస్తోంది.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మనం టీచర్లం కాకముందు ఎన్నో ఏళ్లు టీచర్లను చూస్తూ పెరిగాం. అమెరికాలో ఒక విద్యార్థి హైస్కూలు పూర్తి చేసేసరికి సుమారు 13,000 గంటలు టీచర్ల ఎదుట గడుపుతాడని డాన్ లోర్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లో లెక్క కట్టారు. అన్ని గంటలూ మనం చూసింది టీచర్ మాట్లాడడం, బోర్డు మీద రాయడం, నోట్సులు దిద్దడం. ఒక పిల్లవాడి జవాబు విన్నాక ఆ టీచర్ మనసులో ఏం ఆలోచించారో, తర్వాతి ప్రశ్న ఎందుకు మార్చారో మనకు కనిపించలేదు. బెంచీ మీద కూర్చుని చూసి ఈ వృత్తిలో సగమే నేర్చుకోగలం. మిగతా సగం ఎవరికి వారు తమ తరగతిలోనే నేర్చుకోవాలి.

ఇప్పుడు మీ మూడో తరగతి లెక్క ఒకటి తీసుకుందాం. 304 లోంచి 128 తీసేయాలి. జవాబు 176. ఒక పాప 224 అని రాసింది. ఒక బాబు 276 అని రాశాడు. ఎర్ర ఇంకుతో రెండింటికీ ఒకే ఇంటూ మార్కు పడుతుంది. కానీ ఈ ఇద్దరి మధ్య చాలా దూరం ఉంది.

పాప ఏం చేసిందో చూడండి. ఒకట్ల స్థానంలో 4, 8 కనిపించాయి. ఎనిమిది లోంచి నాలుగు తీసేసింది. పదుల స్థానంలో 0, 2 ఉన్నాయి. రెండు లోంచి సున్నా తీసేసింది. వందల దగ్గర మూడు లోంచి ఒకటి. ప్రతి చోటా పెద్ద అంకె లోంచి చిన్న అంకెను తీసేయాలన్నది ఆమె నియమం. ఆ నియమం మన దగ్గరే నేర్చుకుంది. ‘పెద్దదాని లోంచే చిన్నది పోతుంది’ అని ఒకటో తరగతిలో మనమే అన్నాం కదా. పాప దృష్టిలో 304 అంటే మూడు విడివిడి అంకెలు. అది ఒకే సంఖ్య అన్న ఊహ ఇంకా గట్టిపడలేదు.

బాబు సంగతి వేరు. నాలుగు లోంచి ఎనిమిది పోదని వాడికి తెలుసు. అప్పు తెచ్చి పద్నాలుగు చేసి, ఎనిమిది తీసేసి ఆరు రాశాడు. పక్కనున్న సున్నాని తొమ్మిది చేయాలని కూడా గుర్తుంది. తొమ్మిది లోంచి రెండు తీస్తే ఏడు. కానీ ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందో వాడికి తెలియదు. అందుకే వందల స్థానంలో మూడుని అలాగే ఉంచేసి, అందులోంచి ఒకటి తీసి రెండు రాశాడు. వాడికి పద్ధతి దాదాపు వచ్చు, అర్థం రాలేదు.

ఇద్దరికీ ‘మళ్లీ ఐదుసార్లు చెయ్యి’ అన్నామనుకోండి, జ్వరమని వచ్చిన ప్రతివారికీ ఒకే మాత్ర ఇచ్చినట్టే. పాపకి పుల్లల కట్టలు కావాలి. రెండంకెల సంఖ్యల దగ్గరికి వెనక్కి వెళ్లి, చేతిలో నాలుగు పుల్లలే ఉంటే ఎనిమిది ఎలా ఇస్తావని అడగాలి. పది కట్ట ఒకటి ఆమె చేతే విప్పించాలి. తర్వాత 128కి తన 224 కలిపి చూడమనాలి. 352 వస్తుంది. 304 రావాల్సిన చోట 352 ఎందుకొచ్చిందో ఆమెనే ఆలోచించనివ్వాలి. బాబుకి ఇంత అక్కర్లేదు. వంద కట్ట ఒకటి చేతికిచ్చి, ‘పదుల గడిలో ఏమీ లేవు కదా, మరి ఎక్కడి నుంచి తెస్తావు?’ అంటే చాలు. వంద కట్ట విప్పితే పది పదులు వస్తాయి. అందులో ఒక పది ఒకట్ల గడికి పోతే తొమ్మిది మిగులుతాయి. తన తొమ్మిది ఎక్కడిదో వాడికి అక్కడ తెలుస్తుంది.

పిల్లల తప్పుల్లో ఇలాంటి పద్ధతి ఉంటుందని నేను ఊహించి చెప్పడం లేదు. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లో పిల్లల తీసివేత లెక్కల్ని విశ్లేషించి, చాలా తప్పులు నిర్లక్ష్యం వల్ల వచ్చినవి కావనీ, పిల్లలు తమ మనసులో ఉన్న తప్పు నియమాన్ని నమ్మకంగా పాటించడం వల్ల వచ్చినవనీ చూపించారు. మీ ఐదారుగురు ఏటా అవే తప్పులు చేయడానికి కారణం ఇదే. వాళ్లు అశ్రద్ధగా లేరు. తాము నమ్మిన నియమాన్ని శ్రద్ధగా పాటిస్తున్నారు.

తెలుగు రాతలోనూ ఇంతే. డిక్టేషన్‌లో ‘పుస్తకం’ అని చెబితే ఒకరు ‘పుసతకం’ అని రాస్తారు, ఒకరు ‘పుతకం’ అని రాస్తారు. మొదటి బిడ్డ అన్ని శబ్దాలూ సరిగ్గా, వరసగా విన్నాడు. వాటిని ఒత్తుగా కలపడం ఒక్కటే రాలేదు. రెండో బిడ్డకి మధ్యలో ఉన్న స శబ్దమే చెవికి అందలేదు. వీడికి పలక మీద ఒత్తులు దిద్దించి లాభం లేదు. ముందు పదాన్ని నిదానంగా పలికించి, చప్పట్లతో విడగొట్టించి, ఆ శబ్దం వినిపించేలా చేయాలి. ఇలాంటివి గమనించడం మొదలుపెడితే నోట్సులు దిద్దే పని భారంగా అనిపించడం చాలావరకు తగ్గుతుంది. ఒక్కో తప్పు వెనక ఒక పసిబుర్ర ఎంత ఆలోచించిందో కనిపిస్తుంటే, ఆ పుస్తకం మూసి పక్కన పెట్టబుద్ధి కాదు.

మీ ఇంట్లోవాళ్ల మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 304 లోంచి 128 తీసేయడం చదువుకున్న వాళ్లందరికీ వచ్చు. 276 చూసి ఆ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో చెప్పగలగడం వేరే విద్య. గణితంలో పెద్ద డిగ్రీ ఉన్నంత మాత్రాన అది రాదు. సబ్జెక్టు తెలియడం ఒకటి, బోధన పద్ధతులు తెలియడం ఒకటి, ఈ సబ్జెక్టు ఈ వయసు పిల్లల మనసులో ఎక్కడెక్కడ చిక్కుపడుతుందో తెలియడం మూడోది అని లీ షుల్మన్ అనే అమెరికన్ విద్యా పరిశోధకుడు 1986లో గట్టిగా వాదించారు. టీచర్ల చదువుల గురించి ఆలోచించేవాళ్లు ఆ మాటను నేటికీ తలుచుకుంటూనే ఉన్నారు. ఆ మూడో జ్ఞానం పెరిగేది ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ, వేర్వేరు పిల్లలకు, కళ్లు తెరిచి చెప్పినప్పుడే. ఏడేళ్లు రెండు, మూడు తరగతుల్లోనే ఉండడాన్ని మీరు వెనకబాటు అనుకుంటున్నారు. నేను దాన్ని మీ చేతిలో ఉన్న అవకాశం అనుకుంటున్నాను.

ఇక ఆ ‘అర్థమైందా?’ సంగతి. దయచేసి ఆ ప్రశ్న మానేయండి. ‘లేదు’ అనే ధైర్యం ఎనిమిదేళ్ల బిడ్డకు ఉండదు. పైగా తనకు అర్థం కాలేదన్న సంగతి తనకే తెలియకపోవచ్చు. పాప తన 224 సరైనదే అనుకుంటోంది కదా, అర్థమైందా అంటే అయిందనే అంటుంది. దాని బదులు ఒక చిన్న లెక్కో, ఒక పదమో ఇచ్చి అందరినీ పలకల మీద రాయమనండి. ఒకేసారి పైకెత్తి చూపించమనండి. గది మొత్తం ఏమనుకుంటోందో అర నిమిషంలో మీ కళ్ల ముందు ఉంటుంది.

నోటితో అడిగినప్పుడు ఆగడం నేర్చుకోవాలి. ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు ప్రాథమిక తరగతుల్లో సైన్స్ పాఠాల రికార్డింగులు విని, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గుర్తించారు. ఆ తర్వాత జవాబు రాకపోతే ఇంకొకరిని లేపుతారు, లేదా తామే చెప్పేస్తారు. అదే మూడు సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఆగడం అలవాటు చేసుకున్న తరగతుల్లో పిల్లల జవాబులు పొడవు పెరిగాయి. జవాబు రాకుండా పోయే సందర్భాలు తగ్గాయి. ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పారు, పిల్లలే ప్రశ్నలు అడగడం మొదలైంది. 1974లో వచ్చిన ఈ పరిశోధనలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆగడం నేర్చుకున్న టీచర్లకు కొందరు పిల్లల మీద ఉన్న అంచనాలే మారిపోయాయి. ‘వీడికి రాదు’ అనుకున్నవాడికి నిజానికి వచ్చు. వాడికి అంతకుముందు టైము దొరకలేదు, అంతే.

రెండు చోట్ల ఆగాలి. ప్రశ్న అడిగాక ఒకసారి, పిల్లవాడు జవాబు చెప్పాక ఇంకోసారి. రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. జవాబు వినగానే ‘వెరీ గుడ్’ అనో ‘తప్పు’ అనో అనకుండా కాసేపు వాడి ముఖం చూస్తూ ఉండండి. చాలాసార్లు వాడే ‘ఎందుకంటే టీచర్...’ అని కొనసాగిస్తాడు. నేను పాఠాలు చెప్పిన ఒకటో తరగతిలో ఒక చిన్నపాప కూడికకు తప్పు జవాబు చెప్పింది. నేనేమీ అనకుండా చూస్తుంటే తనే వేళ్లు చూపిస్తూ లెక్క మొత్తం వివరించింది. మొదలుపెట్టిన అంకెను కూడా కలిపి లెక్కపెడుతోందని అప్పుడు తెలిసింది. ఏడు తర్వాత మూడు లెక్కపెట్టమంటే ఏడు, ఎనిమిది, తొమ్మిది అని ఆగేది. ఇది తెలిశాక సరిచేయడానికి పట్టింది కాసేపే. తెలియకపోతే ఆ పాప ప్రతి కూడికలోనూ ఒకటి తక్కువ చెబుతూనే ఉండేది.

నోట్సుల గురించి ఒక్క మాట. అన్నీ ఇలాగే పట్టి పట్టి దిద్దాలంటే మీకు రాత్రి నిద్ర ఉండదు. నేను చెప్పేది అది కాదు. ఒక్కో రోజు నాలుగే పుస్తకాలు తీసుకోండి. వాటిలో మార్కు వేయకుండా ఒక వాక్యం రాయండి, లేదా ఇంకా చదవలేని పిల్లలైతే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ఐదు, ఆరు తరగతుల పిల్లలతో చేసిన ప్రయోగంలో, మార్కు లేకుండా వ్యాఖ్య మాత్రమే అందుకున్న వాళ్ల పని తర్వాత మెరుగైంది. మార్కు, వ్యాఖ్య రెండూ అందుకున్న వాళ్లలో ఆ మెరుగు రాలేదు. మార్కు కనిపిస్తే పిల్లలు దాన్నే చూస్తారు, కింద ఏం రాశామో చదవరు.

మీకోసం ఒక పుస్తకం పెట్టుకోండి. డైరీ అనుకుని పెద్ద పెద్ద పేరాలు రాయొద్దు, వారం తిరక్కుండానే మానేస్తారు. రోజుకు ఒక బిడ్డ, ఒక తప్పు, దాని వెనక ఏముందని మీ ఊహ, మర్నాడు ఏం చేసి చూశారు, అంతే. మీ ఊహ తప్పని తేలినా అదే రాయండి. వచ్చే ఏడాది తీసివేతలు మొదలుపెట్టే ముందు రోజు ఆ పేజీలు తిరగేయండి. ఏ పిల్లలు ఎక్కడ చిక్కుకుంటారో పాఠానికి ముందే తెలిసి ఉంటుంది కాబట్టి మొదటి రోజే 304 లాంటి లెక్కను బోర్డు మీద పెట్టి, ‘ఒకరు 224 అన్నారు, ఒకరు 276 అన్నారు, ఎవరు ఎలా ఆలోచించి ఉంటారు?’ అని పిల్లల్నే అడగొచ్చు. వాళ్లు దీన్ని చాలా ఇష్టంగా చేస్తారు.

కొత్త అలవాటు మొదలుపెట్టిన తొలి వారాల్లో తరగతి మీకు కొంచెం గందరగోళంగా అనిపించవచ్చు. ఆగినప్పుడు పిల్లలు గుసగుసలాడతారు. సిలబస్ రెండు రోజులు వెనకబడుతుంది. ఇన్నేళ్లూ సాఫీగా నడిపినవారు కాబట్టి మీకు ఇది ఎక్కువ టెన్షన్ పెడుతుంది. అందుకే అన్ని సబ్జెక్టుల్లో ఒకేసారి మార్చొద్దు. లెక్కల్లో ఒక పాఠం చాలు. మిగతావి మీకు అలవాటైన పద్ధతిలోనే సాగనివ్వండి.

ఒంటరిగా ఇదంతా చేయడం కష్టమే. స్కూల్లో ఒక్క తోడు వెతుక్కోండి. జపాన్‌లో టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేసి, ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు తరగతిలో నిలబడి చూసి, తర్వాత కూర్చుని చర్చించే పద్ధతి నూరేళ్లకు పైగా ఉంది. అక్కడ చూసేవాళ్లు టీచర్ వైపు కంటే పిల్లల వైపే ఎక్కువ చూస్తారు. మీ స్కూల్లో అంత ఏర్పాటు అక్కర్లేదు. మీకు నచ్చిన సహోద్యోగిని వారానికొక పీరియడ్ వెనక కూర్చోమనండి. ‘నేనెలా చెబుతున్నానో చూడొద్దు, ఈ ముగ్గురు పిల్లలు ఏం రాస్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో చూసి చెప్పండి’ అనండి. అలా అడిగితే ఎదుటివారికి మొహమాటం ఉండదు, మీకు తనిఖీ జరిగినట్టూ అనిపించదు. తర్వాత మీరు వాళ్ల తరగతికి వెళ్లండి. అమెరికాలో పదేళ్ల కాలానికి సంబంధించిన వివరాలతో 2014లో ఒక అధ్యయనం వచ్చింది. ఒకరికొకరు తోడుండే వాతావరణం, మంచి నాయకత్వం ఉన్న స్కూళ్లలో టీచర్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎక్కువ మెరుగవుతున్నారని అందులో తేలింది. ఎదుగుదల ఆగిపోయిందని బాధపడే చాలామందికి లోపం తమలో లేదు, తోడు లేకపోవడంలో ఉంది.

ట్రైనింగుల విషయంలో మీ విసుగు సబబే. ఐనా వెళ్లాల్సి వచ్చినప్పుడు మీ పుస్తకంలోంచి ఒక తప్పు తీసుకెళ్లండి. టీ టైములో పక్కనున్న టీచర్‌కి చూపించి, ‘మీ పిల్లలూ ఇలా రాస్తారా? అప్పుడు మీరేం చేస్తారు?’ అని అడగండి. వేదిక మీద దొరకనిది బెంచీ దగ్గర దొరుకుతుంది.

పై తరగతులకు వెళ్లాలని మీకు మనసుంటే వెళ్లండి, అందులో తప్పేమీ లేదు. హెడ్ టీచర్ పని కూడా గొప్పదే, మంచి వాతావరణం కల్పించేది వాళ్లే కదా. కానీ అవి వేరే పనులు. ఈ పనిలో పైమెట్టు కాదు. పిల్లల మీద ఇష్టం తగ్గి, అక్షరాలు నేర్పడం నిజంగానే విసుగనిపిస్తే మారడమే మంచిది. మీ ఉత్తరంలో నాకు అలాంటి విసుగు కనిపించలేదు. పక్కవాళ్లతో పోలిక కనిపించింది, ఇంట్లోవాళ్ల మాట గుచ్చుకోవడం కనిపించింది. ఆ రెంటి కోసం తరగతి వదిలేయొద్దు.

కోర్సు గురించి అడిగారు. చేరే ముందు దాని సిలబస్ తెప్పించుకుని చూడండి. పిల్లల రాతల్ని, మాటల్ని విశ్లేషించే పని అందులో ఉందా? మీ తరగతిలో చేసి చూసి, తిరిగి వచ్చి చర్చించే అవకాశం ఉందా? చిన్నపిల్లల చదవడం, రాయడం, తొలి గణితం, వీటిలో ఏదైనా ఒకదాని మీద లోతుగా ఉందా? ఉంటే డబ్బు, టైము వీలైతే తప్పకుండా చేరండి. కేవలం పాలన, రికార్డులు, సిద్ధాంతాల పేర్లు అయితే అది హెడ్ టీచర్ కావాలనుకున్న రోజుకు పనికొస్తుంది, ఇప్పుడు మీరు అడుగుతున్న దానికి కాదు. ఏ కోర్సైనా వచ్చే ఏడాది కూడా ఉంటుంది. ఈ ఏడాది ఐదారుగురు పిల్లల పాత పరీక్ష పేపర్లు మాత్రం ఇప్పుడే మీ అల్మారాలో ఉన్నాయి. ముందు అవి బయటికి తీసి, తీసివేతల్లో ఎవరు ఏ నియమం పాటించారో పక్కన రాసి చూడండి. ఏం కనిపించిందో వీలైతే నాకు రాయండి.